సమానుల పోరులో నెగ్గిన జట్టు: పోలండ్ ఫుట్‌బాల్ లీగ్, 2023–24

పోలండ్‌లో అత్యున్నత శ్రేణి ఫుట్‌బాల్ లీగ్ పేరు ఎక్స్‌త్రాక్లాసా. 2023 జూలైలో మొదలై 2024 మే 25న ముగిసిన ఆ లీగ్ సీజన్‌లో, దేశానికి ఈశాన్యాన బెలారూస్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న బియావిస్తోక్ నగరపు క్లబ్బు యాగెలోనియా, నూరేళ్లు దాటిన తన చరిత్రలో మొదటిసారి జాతీయ విజేతగా నిలిచింది. రెండో స్థానం పొందిన వ్రొత్స్వావ్ నగరపు క్లబ్బు ష్లాంస్క్‌కు కూడా సరిగ్గా అన్నే పాయింట్లు వచ్చాయి. అంతకు ముందు సీజన్‌లో ఈ రెండు క్లబ్బులూ పట్టిక అడుగున, ఒకటి 14వ స్థానంలో, మరొకటి 15వ స్థానంలో ఉండి, కింది శ్రేణికి జారిపోకుండా నిలదొక్కుకోవడానికే పెనుగులాడాయి. ఏడాది తిరిగేసరికి అవే కిరీటం కోసం తలపడటం ఎలా సాధ్యమైంది, అది అదృష్టం చలవా, లేక ఆ లీగ్ నడిచే తీరులోనే అందుకు తగిన కారణాలు ఉన్నాయా అన్నది ఈ ప్రసంగంలో పరిశీలించే విషయం.

ముందుగా లీగ్ స్వరూపం తెలుసుకోవాలి. పోలండ్ ఫుట్‌బాల్ సంఘం 1919 డిసెంబరులో, అంటే దేశం తిరిగి స్వతంత్రమైన మరుసటి ఏడాది ఏర్పడింది. 1920లో తలపెట్టిన తొలి జాతీయ పోటీ సోవియట్ రష్యాతో యుద్ధం వల్ల ఆగిపోగా, 1921లో క్రాకూవ్ నగరపు క్లబ్బు క్రాకోవియా మొదటి జాతీయ విజేత అయింది. ప్రతి జట్టూ మిగిలిన అన్ని జట్లతో ఆడే లీగ్ పద్ధతి 1927లో మొదలైంది. ఆ ఏడాది విజేత అదే నగరానికి చెందిన వీస్వా. 2005 నుంచి లీగ్ నిర్వహణను ఎక్స్‌త్రాక్లాసా అనే వాణిజ్య సంస్థ చూస్తోంది.

2023–24లో లీగ్‌లో 18 క్లబ్బులు ఉన్నాయి. ఒక్కో జట్టు మిగిలిన 17 జట్లతో సొంత మైదానంలో ఒకసారి, ప్రత్యర్థి మైదానంలో ఒకసారి ఆడుతుంది కనుక మొత్తం 34 మ్యాచులవుతాయి. గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1 పాయింటు లభిస్తాయి. సెమీఫైనల్, ఫైనల్ వంటివి ఉండవు. చివరి మ్యాచు ముగిసేసరికి పట్టికలో పైన ఉన్న జట్టే విజేత. రెండు జట్లకు పాయింట్లు సమానమైతే ముందుగా ఆ రెండింటి మధ్య జరిగిన మ్యాచుల ఫలితాలు చూస్తారు. అక్కడా తేలకపోతేనే సీజన్ మొత్తంలో చేసిన గోల్స్‌కూ ఇచ్చిన గోల్స్‌కూ ఉన్న తేడా లెక్కలోకి వస్తుంది. పట్టికలో చివరి 3 స్థానాలు పొందిన క్లబ్బులు రెండో శ్రేణి లీగ్‌కు దిగిపోతాయి, అక్కడి నుంచి 3 క్లబ్బులు పైకి వస్తాయి. తెలుగు శ్రోతలకు బాగా తెలిసిన ఐపీఎల్ క్రికెట్‌లో ఆఖరి స్థానంలో నిలిచిన జట్టు కూడా మరుసటి ఏడాది అదే పోటీలో ఆడుతుంది. ఐరోపా ఫుట్‌బాల్‌లో అటువంటి భరోసా ఉండదు, కాబట్టి పట్టిక కింది భాగంలో జరిగే పోరాటానికి పై భాగంలోని పోరాటానికి ఉన్నంత విలువ ఉంటుంది.

పోలండ్ సీజన్‌కు మరో ప్రత్యేకత చలికాలపు విరామం. మంచు, గడ్డకట్టిన నేల కారణంగా డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి వరకు లీగ్ ఆగిపోతుంది. అందువల్ల అక్కడివారు సీజన్‌ను శరత్కాలపు రౌండు, వసంతకాలపు రౌండు అని రెండు భాగాలుగా చూస్తారు. విరామంలో క్లబ్బులు ఆటగాళ్లను అమ్ముతాయి, కొంటాయి, వెచ్చని దక్షిణ దేశాలకు వెళ్లి శిక్షణ పొందుతాయి. శరత్తులో ముందున్న జట్టు వసంతంలోనూ అదే ఊపుతో ఆడుతుందన్న నమ్మకం లేదు. 2023–24 సీజన్ ఈ సంగతికి మంచి ఉదాహరణ.

ఈ లీగ్‌లో ఏ ఒక్క క్లబ్బూ ఏళ్ల తరబడి ఏకచ్ఛత్రంగా ఏలలేకపోవడానికి చారిత్రక కారణాలు ఉన్నాయి. కమ్యూనిస్టు పాలనలో పెద్ద క్లబ్బులకు ప్రభుత్వ వ్యవస్థలే పోషకులు. రాజధాని వార్సాలోని లెగియా సైన్యానిది, పోజ్నాన్ నగరపు లెఖ్ రైల్వేది, జాబ్జె పట్టణపు గూర్నిక్ బొగ్గు గనులది. వ్రొత్స్వావ్‌లోని ష్లాంస్క్ కూడా 1947లో సైనిక క్లబ్బుగా పుట్టిందే. 1989 తర్వాత ఆ పోషణ అంతరించడంతో, బొగ్గు, ఉక్కు పరిశ్రమల నేల అయిన ఎగువ సిలీషియా ప్రాంతంలో చెరి 14 సార్లు జాతీయ టైటిల్ గెలిచిన గూర్నిక్, రూఖ్ హోజూవ్ క్లబ్బులు మళ్లీ ఆ కిరీటాన్ని అందుకోలేకపోయాయి. రూఖ్ చివరి టైటిల్ 1989 నాటిది, గూర్నిక్‌ది 1988 నాటిది. రాజధాని బలం ఉన్న లెగియా 15 టైటిళ్లతో అందరికన్నా ముందుకు వెళ్లింది గాని, జర్మనీలో బయర్న్ మ్యూనిక్ వలె తక్కిన వారికి అందనంత సంపదను అది కూడగట్టలేదు. ప్రతిభ చూపిన యువకులు ఇరవై ఏళ్లు దాటీ దాటకముందే పశ్చిమ ఐరోపా క్లబ్బులకు అమ్ముడుపోతారు కనుక, ఏ జట్టూ ఒకే కూర్పుతో మూడు నాలుగేళ్లు కొనసాగదు. 2018 నుంచి 2024 వరకు ముగిసిన 7 సీజన్లలో లెగియా, పియాస్ట్ గ్లివిత్సె, లెఖ్, రాకూవ్ చెన్స్తొహోవా, యాగెలోనియా అనే 5 వేర్వేరు క్లబ్బులు విజేతలయ్యాయి. వాటిలో పియాస్ట్ 2019లో, రాకూవ్ 2023లో, యాగెలోనియా 2024లో తమ తొలి టైటిళ్లు గెలిచాయి.

2023 వేసవిలో సీజన్ మొదలయ్యేనాటికి పరిశీలకుల చూపు మూడు క్లబ్బుల మీద ఉంది. అంతకు ముందు సీజన్‌లో 75 పాయింట్లతో గెలిచిన రాకూవ్ మొదటిది. ఆ క్లబ్బును మూడో శ్రేణి నుంచి జాతీయ విజేత స్థాయికి చేర్చిన కోచ్ మారెక్ పాప్షున్ టైటిల్ గెలవగానే వైదొలగగా, ఆయన సహాయకుడు దావిద్ ష్వార్గా బాధ్యత తీసుకున్నాడు. రెండోది లెగియా, మూడోది లెఖ్. ఈ మూడూ ఐరోపా పోటీల అర్హత మ్యాచులలో కూడా దిగాయి. ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య క్లబ్బుల కోసం నిర్వహించే పోటీలలో ఛాంపియన్స్ లీగ్ అన్నింటికన్నా పై మెట్టు, యూరోపా లీగ్ రెండోది, కాన్ఫరెన్స్ లీగ్ మూడోది. దేశీయ లీగ్‌లో పై స్థానాలు పొందిన క్లబ్బులు, కప్పు గెలిచిన క్లబ్బు మరుసటి ఏడాది వీటిలో ఆడతాయి. చిన్న దేశాల క్లబ్బులు అర్హత మ్యాచులను జూలైలోనే మొదలుపెట్టి, గెలిచినకొద్దీ డిసెంబరు దాకా వారం మధ్యలో ఐరోపా మ్యాచు, వారాంతంలో లీగ్ మ్యాచు ఆడుతూ పోవలసి ఉంటుంది.

ఆ సీజన్‌లో ఈ భారం ఎంత పనిచేసిందో వరుస చూస్తే స్పష్టమవుతుంది. రాకూవ్ మూడు అర్హత దశలు దాటి, ఛాంపియన్స్ లీగ్ ప్రధాన దశకు ఒక్క మెట్టు దూరంలో డెన్మార్క్ క్లబ్బు కోపెన్‌హాగెన్ చేతిలో ఓడి, యూరోపా లీగ్ గ్రూపులోకి వెళ్లింది. అక్కడ దానికి ఎదురైన జట్లు ఇటలీకి చెందిన అటలాంటా, పోర్చుగల్‌కు చెందిన స్పోర్టింగ్, ఆస్ట్రియాకు చెందిన స్టూర్మ్ గ్రాజ్. వీటిలో అటలాంటా ఆ ఏడాది యూరోపా లీగ్‌నే గెలవగా, స్పోర్టింగ్ పోర్చుగల్ విజేత అయింది. సొంత స్టేడియం చాలా చిన్నది కావడంతో ఐరోపా మ్యాచులను రాకూవ్ సొస్నోవియెత్స్ పట్టణంలో ఆడవలసి వచ్చింది. గ్రూపులో నాలుగో స్థానంతో వెనుదిరిగిన ఆ జట్టు లీగ్‌లో 52 పాయింట్లతో 7వ స్థానానికి పడిపోయింది. లెగియా కాన్ఫరెన్స్ లీగ్‌లో ఇంగ్లండ్ క్లబ్బు ఆస్టన్ విల్లాను వార్సాలో 3–2తో ఓడించి, గ్రూపు దాటి, ఫిబ్రవరిలో నార్వే క్లబ్బు మోల్డె చేతిలో నిష్క్రమించింది. ఏప్రిల్‌లో కోచ్ కోస్తా రున్యాయిచ్‌ను తొలగించి గొన్సాలో ఫెయోను తెచ్చుకున్న లెగియా చివరకు 59 పాయింట్లతో 3వ స్థానం దక్కించుకుంది. లెఖ్ అయితే స్లొవేకియా క్లబ్బు స్పార్తాక్ త్ర్నావా చేతిలో ఓడి వేసవిలోనే ఐరోపా నుంచి బయటపడినా కుదురుకోలేక, డిసెంబరులో డచ్ కోచ్ జాన్ వాన్ డెన్ బ్రోమ్‌ను పంపివేసి, 53 పాయింట్లతో 5వ స్థానంలో ముగించింది.

పెద్దలు ఇలా తడబడుతుండగా శరత్కాలంలో పట్టిక పైకి ఎక్కిన జట్టు ష్లాంస్క్. 2022–23లో అది కేవలం ఒక్క పాయింటు తేడాతో శ్రేణి నిలుపుకున్న క్లబ్బు. ఆ సీజన్ ఆఖరి వారాలలో తిరిగి పగ్గాలు చేపట్టిన యాత్సెక్ మాగ్యెరా, 2017లో లెగియాకు టైటిల్ తెచ్చిన కోచ్. ఆయన జట్టును రక్షణ మీద కట్టాడు. ఆటగాళ్లు తమ గోల్‌కు దగ్గరగా ఒత్తుగా నిలబడి, ప్రత్యర్థికి ఖాళీ ఇవ్వకుండా, బంతి చిక్కగానే వేగంగా ముందుకు పంపడం దాని పద్ధతి. ముందు వరుసలో ఆ బంతులను అందుకునేవాడు స్పెయిన్‌కు చెందిన స్ట్రైకర్ ఎరిక్ ఎక్స్‌పోసితో. సీజన్ మొత్తంలో 19 గోల్స్‌తో లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ చేసినవాడు ఆయనే. చలికాలపు విరామానికి వెళ్లేటప్పుడు లీగ్ అగ్రస్థానం ష్లాంస్క్‌దే. ఐరోపా దేశాల ఫుట్‌బాల్ పోటీ యూరో 2012 కోసం కట్టిన దాదాపు 42 వేల సీట్ల స్టేడియం చాలా ఏళ్ల తర్వాత నిండటం మొదలైంది.

యాగెలోనియా దారి దీనికి పూర్తిగా భిన్నం. 1920లో పుట్టిన ఈ క్లబ్బుకు మధ్యయుగంలో పోలండ్, లిథువేనియాలను కలిపి ఏలిన యాగెలోనియన్ రాజవంశం పేరు పెట్టారు. రంగులు పసుపు, ఎరుపు. సుమారు 3 లక్షల జనాభా గల బియావిస్తోక్ ఒకప్పుడు బట్టల మిల్లుల పట్టణం. ఎస్పెరాంతో భాషను సృష్టించిన జామెన్‌హోఫ్ 1859లో పుట్టిన ఊరు కూడా అదే. క్లబ్బు మొదటిసారి అత్యున్నత శ్రేణికి వచ్చింది 1987లో మాత్రమే. 2010లో పోలిష్ కప్పు గెలిచింది. 2017లో చివరి రోజు సొంత మైదానంలో లెఖ్‌తో 2–2గా ఆగిపోయి లెగియాకు టైటిల్ వదులుకుంది, 2018లోనూ రెండో స్థానంతోనే సరిపెట్టుకుంది. ఆ తర్వాత వరుసగా దిగజారుతూ 2023 ఏప్రిల్ నాటికి ప్రమాద స్థాయికి చేరింది.

అప్పుడు క్లబ్బు యాజమాన్యం పేరున్న కోచ్‌ను వెతికే బదులు, తన రెండో జట్టుకు శిక్షణ ఇస్తున్న అద్రియన్ షెమ్యెన్యెత్స్‌ను ప్రధాన జట్టు మీద నియమించింది. 1992లో పుట్టిన ఆయనకు అప్పటికి 31 ఏళ్లు. జట్టును ముందు ఒడ్డున పడేసిన షెమ్యెన్యెత్స్, వేసవి నుంచి దాన్ని కొత్త తీరులో ఆడించడం మొదలుపెట్టాడు. గోల్‌కీపర్ బంతిని గాలిలోకి దూరంగా తన్నే అలవాటు మాని, రక్షణ శ్రేణికి అందించడం, అక్కడి నుంచి చిన్న చిన్న పాస్‌లతో ప్రత్యర్థిని ముందుకు రప్పించి, వారి వెనుక ఏర్పడిన ఖాళీలోకి దూసుకుపోవడం ఈ తీరులోని సారం. బంతి పోగొట్టుకుంటే సొంత గోల్ ముందే ప్రమాదం ముంచుకొస్తుంది కనుక, సాహసం లేని కోచ్‌లు, ముఖ్యంగా కింది శ్రేణికి జారిపోతామన్న భయం వెంటాడే క్లబ్బుల కోచ్‌లు, దీని జోలికి పోరు.

ఈ ఆటకు అవసరమైన మనుషులు పెద్ద ధర పెట్టి కొన్నవారు కారు. క్రీడా సంచాలకుడు, అంటే ఆటగాళ్ల ఎంపికను చూసే అధికారి, వూకాష్ మాస్వోవ్‌స్కి తక్కువ ఖర్చుతో జట్టును కూర్చాడు. అంగోలాలోని లువాండాలో పుట్టిన స్ట్రైకర్ అఫిమికో పులులు జర్మనీ నుంచి ఆ వేసవిలోనే వచ్చాడు. స్పెయిన్‌కు చెందిన హెసూస్ ఇమాస్ 2019 నుంచి అక్కడే ఉన్నాడు. లీగ్‌లో ఇద్దరూ చెరి 12 గోల్స్ చేశారు. ఉక్రెయిన్‌లో పుట్టి, పోలండ్ పౌరసత్వం పొంది, 2014 నుంచి అదే క్లబ్బులో ఆడుతున్న మిడ్‌ఫీల్డర్ తారాస్ రొమాన్‌చుక్ నాయకుడు. ఎడమవైపు డిఫెండర్ బార్త్వొమ్యెయ్ వ్దోవిక్ తన ఫ్రీ కిక్‌లతో గోల్స్ చేసి పేరు పొందగా, 2003లో పుట్టిన దొమినిక్ మార్చుక్ కుడి అంచున వేగంతో ఆకట్టుకున్నాడు. ఐరోపా మ్యాచులు లేకపోవడం వల్ల ఈ జట్టుకు వారమంతా శిక్షణకు సమయం దొరికింది. కొత్త పద్ధతి నేర్చుకునే జట్టుకు ఆ సమయం డబ్బుకన్నా విలువైనది.

రెండు జట్ల అంకెలను పక్కపక్కన పెడితే ఈ సీజన్ అసలు స్వభావం బయటపడుతుంది. యాగెలోనియా 34 మ్యాచుల్లో 77 గోల్స్ చేసి 45 గోల్స్ ఇచ్చింది. ష్లాంస్క్ 50 గోల్స్ చేసి 31 గోల్స్ మాత్రమే ఇచ్చింది. అంటే ఒకటి మ్యాచుకు సగటున రెండుకు పైగా గోల్స్ కొడుతూ, ఒకటికి పైగా ఇస్తూ వచ్చింది. మరొకటి ఒకటిన్నర కొడుతూ ఒకటికన్నా తక్కువ ఇచ్చింది. ఇంత విరుద్ధమైన రెండు దారులూ చివరకు 63 పాయింట్ల దగ్గరే కలిశాయి. అయితే ష్లాంస్క్ చేసిన 50 గోల్స్‌లో 19, అంటే మూడో వంతుకు మించి, ఒకే ఆటగాడివి. యాగెలోనియా గోల్స్ పలువురికి పంచుకుపోయాయి. ఒక ఆటగాడు అలసినా, గాయపడినా యాగెలోనియాకు కలిగే నష్టం ష్లాంస్క్‌కు కలిగినంత ఉండదు. వసంతకాలంలో ష్లాంస్క్ గోల్స్ తగ్గి, పాయింట్లు జారవిడిచి, అగ్రస్థానం కోల్పోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

యాగెలోనియా కూడా వసంతంలో నిలకడగా దూసుకుపోయిందని చెప్పలేము. మొత్తం 102 పాయింట్లకు అవకాశం ఉండగా విజేతకు వచ్చినవి 63, అంటే నూటికి 62 వంతులు. రాకూవ్ 2023లో 75, లెఖ్ 2022లో 74 పాయింట్లతో గెలిచిన లీగ్ ఇదే. మొదటి స్థానానికీ ఏడో స్థానానికీ మధ్య తేడా 11 పాయింట్లు మాత్రమే. ముందున్న జట్టు తడబడినప్పుడల్లా వెనుకవారు కూడా తడబడ్డారు. దీన్ని చూసి లీగ్ స్థాయి పడిపోయిందని విమర్శించినవారు ఉన్నారు, పోటీ బిగువుగా ఉందని మెచ్చుకున్నవారూ ఉన్నారు. రెండు అభిప్రాయాలకూ ఆధారం అదే పట్టిక.

2024 మే 25న చివరి రౌండు మ్యాచులన్నీ ఒకే సమయంలో మొదలయ్యాయి. ఫలితం ముందే తెలిసిన జట్టుకు అనుచితమైన లాభం కలగకుండా ఉండటానికి ఐరోపా లీగులు పాటించే నియమం ఇది. అప్పటికి యాగెలోనియా, ష్లాంస్క్ చెరి 60 పాయింట్లతో ఉన్నాయి. పరస్పర మ్యాచుల లెక్క యాగెలోనియాకు అనుకూలం కాబట్టి, ష్లాంస్క్ ఎంత పెద్ద గెలుపు సాధించినా యాగెలోనియా గెలిస్తే చాలు. ష్లాంస్క్ చెన్స్తొహోవాకు వెళ్లి పాత విజేత రాకూవ్‌ను 2–1తో ఓడించింది. బియావిస్తోక్‌లో యాగెలోనియా వార్టా పోజ్నాన్‌ను 3–0తో ఓడించి, 2017లో చేజారినదాన్ని అదే మైదానంలో దక్కించుకుంది.

ఆ ఒక్క మ్యాచే పట్టిక రెండు చివరలనూ తేల్చింది. ఓడిన వార్టా 37 పాయింట్ల దగ్గర ఆగి 16వ స్థానంతో కింది శ్రేణికి దిగింది. పోజ్నాన్‌లో లెఖ్‌ను వారి సొంత మైదానంలో 2–1తో ఓడించిన కొరోనా కెల్త్సె 38 పాయింట్లతో బతికి బయటపడింది. 12వ స్థానానికీ 16వ స్థానానికీ మధ్య తేడా 3 పాయింట్లు, అంటే ఒక్క గెలుపు.

కింది భాగంలో మరి మూడు క్లబ్బుల సంగతి చెప్పుకోదగినది. క్రాకూవ్ దగ్గరి చిన్న పట్టణం న్యెపొవొమిత్సెకు చెందిన పుష్చా మొట్టమొదటిసారి అత్యున్నత శ్రేణికి వచ్చింది. సొంత మైదానం లీగ్ ప్రమాణాలకు చాలనందున సొంత మ్యాచులను క్రాకూవ్‌లో ఆడవలసి వచ్చినా, 40 పాయింట్లతో 12వ స్థానం సంపాదించి శ్రేణి నిలుపుకుంది. 14 టైటిళ్ల రూఖ్ హోజూవ్ ఆరేళ్ల తర్వాత, మధ్యలో నాలుగో శ్రేణి దాకా దిగజారి, తిరిగి వచ్చిన క్లబ్బు. పాత స్టేడియం పనికిరాకుండా పోవడంతో మొదట గ్లివిత్సెలో, తర్వాత విశాలమైన సిలీషియన్ స్టేడియంలో ఆడింది. వూచ్ నగరపు విజెవ్‌తో జరిగిన మ్యాచుకు అక్కడ 50 వేల మంది వచ్చారు. పట్టికలో అడుగున ఉన్న జట్టు కోసం అంతమంది రావడం సిలీషియాలో ఆ క్లబ్బుకు ఉన్న స్థానాన్ని తెలుపుతుంది గాని, 32 పాయింట్లతో 17వ స్థానంలో నిలిచిన రూఖ్‌ను ఆ అభిమానం కాపాడలేకపోయింది. 1958లో, 1998లో విజేత అయిన వూచ్ నగరపు ఎల్.కె.ఎస్. 24 పాయింట్లతో ఆఖరి స్థానంలో మిగిలింది. పాత కీర్తికి పాయింట్ల పట్టికలో లెక్క లేదని ఈ రెండు క్లబ్బులూ ఒకే ఏడాది నిరూపించాయి.

లీగ్‌కు సమాంతరంగా జరిగే పోలిష్ కప్పు ఓడితే ఇంటిదారి పట్టే పోటీ, అందులో అన్ని శ్రేణుల క్లబ్బులూ ఆడతాయి. 2024 మే 2న వార్సాలోని జాతీయ స్టేడియంలో జరిగిన ఫైనల్‌లో, అప్పటికి రెండో శ్రేణిలో ఉన్న 13 సార్ల జాతీయ విజేత వీస్వా క్రాకూవ్, పొగోన్ ష్చెచిన్‌ను అదనపు సమయంలో 2–1తో ఓడించింది. నిర్ణీత సమయం ముగిసి అదనంగా కలిపిన నిమిషాలలో వీస్వా సమం చేసిన గోల్‌తో పొగోన్ చేతికి వచ్చిన తొలి పెద్ద ట్రోఫీ జారిపోయింది. దాని పర్యవసానం లీగ్ పట్టికను కూడా తాకింది. యూరోపా లీగ్ అర్హత మ్యాచుల అవకాశం కప్పు విజేతగా వీస్వాకు పోవడంతో, 55 పాయింట్లతో లీగ్‌లో 4వ స్థానం పొందిన పొగోన్‌కు ఐరోపాలో చోటు దక్కలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. ఈ సీజన్‌ను అనుకోని అద్భుతంగా వర్ణించడం వాడుక. అయితే ముందు వెనుక సీజన్లతో కలిపి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. 2020–21లో యూరోపా లీగ్ గ్రూపు దశ ఆడిన లెఖ్ దేశంలో 11వ స్థానానికి పడిపోయింది. మరుసటి ఏడాది ఐరోపా మ్యాచులు లేని అదే లెఖ్ విజేత అయింది. 2021–22లో గ్రూపు దశ ఆడిన పాత విజేత లెగియా 10వ స్థానానికి దిగింది. 2022–23లో రాకూవ్ ఆగస్టులోనే ఐరోపా నుంచి బయటపడి, దేశంలో గెలిచింది. 2023–24లో గ్రూపు దశకు చేరిన రాకూవ్ ఏడోది కాగా, ఐరోపా ఊసే లేని రెండు క్లబ్బులు మొదటి రెండు స్థానాలూ పంచుకున్నాయి. ఆ సీజన్‌లో 5, 7 స్థానాలతో ఐరోపా అవకాశం పోగొట్టుకున్న లెఖ్, రాకూవ్ క్లబ్బులే 2024–25లో మొదటి, రెండో స్థానాలు పొందాయి. 2020–21లో గెలిచిన లెగియా కూడా ఐరోపా గ్రూపు దశకు చేరలేదు కనుక, ఈ ఐదేళ్లలో పోలండ్ విజేత అయిన ఏ క్లబ్బూ అదే సీజన్‌లో ఐరోపా పోటీల ప్రధాన దశ ఆడలేదు. రెండు పోటీల బరువు ఒకేసారి మోయగలిగినంత మంది ఆటగాళ్లు, అంత డబ్బు ఈ క్లబ్బుల దగ్గర లేకపోవడమే దీనికి కారణం. విజయం తెచ్చే అవకాశమే మరుసటి ఏడాది భారమై, టైటిల్‌ను చేతులు మారుస్తోంది.

ఆ క్రమం ద్వారం తెరుస్తుంది గాని, అందులోంచి ఎవరు నడుస్తారో నిర్ణయించదు. 2023–24లో ఐరోపా భారం లేని క్లబ్బులు చాలానే ఉండగా వాటిలో టైటిల్ దాకా వెళ్లినవి రెండే. ఆ రెండింటిలో ఏది గట్టి పునాది మీద నిలిచిందో తరువాతి ఏడాది చూపింది. 2024 వేసవిలో ఎక్స్‌పోసితో ఒప్పందం ముగిసి ఖతర్‌కు వెళ్లిపోయాడు. గోల్స్ కోసం ఒక్కడి మీద ఆధారపడిన ష్లాంస్క్ ఆ లోటు పూడ్చుకోలేక, నవంబరులో మాగ్యెరాను తొలగించి, 2025 మేలో కింది శ్రేణికి దిగిపోయింది. యాగెలోనియా కూడా వ్దోవిక్‌ను పోర్చుగల్‌కు, మార్చుక్‌ను అమెరికాకు పంపింది. ఛాంపియన్స్ లీగ్ అర్హతలో నార్వే క్లబ్బు బోడో గ్లిమ్ట్ చేతిలోనూ, యూరోపా లీగ్ అర్హతలో డచ్ క్లబ్బు అయాక్స్ చేతిలోనూ ఓడింది. అయినా కోచ్‌నూ ఆట తీరునూ మార్చకుండా కాన్ఫరెన్స్ లీగ్‌లో కోపెన్‌హాగెన్‌ను వారి మైదానంలోనే 2–1తో ఓడించి, క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి స్పెయిన్ క్లబ్బు రియల్ బేతిస్ చేతిలో నిష్క్రమించింది. దేశంలో 3వ స్థానం నిలుపుకుంది.

సమాన బలం గల జట్ల మధ్య పోటీలో ఒక ఏడాది పైకి రావడానికి పరిస్థితుల అనుకూలతతో పాటు ఒక మంచి స్ట్రైకర్ ఉంటే సరిపోవచ్చునని ష్లాంస్క్ చరిత్ర చెబుతుంది. వచ్చిన చోట నిలబడటానికి మాత్రం ఆటగాళ్లు మారినా మారని ఒక ఆట పద్ధతి, ఓటములు ఎదురైనప్పుడు కోచ్‌ను వెంటనే సాగనంపని యాజమాన్యం కావాలని యాగెలోనియా చరిత్ర చెబుతుంది. 63 పాయింట్ల దగ్గర ఆ రెండు క్లబ్బులనూ పట్టిక సమానంగా చూపింది, వాటి మధ్య ఉన్న అసలు తేడాను తరువాతి పన్నెండు నెలలు తేల్చాయి.